అత్తగారు ఏ బెంచీ మీద కూర్చున్నారు?

బాస్కెట్‌బాల్ మీద పందెం కాసేవాళ్ళకు ఒక ఉచిత సలహా ఇస్తున్నాను, రాసుకోండి. ఆటగాడి ఎత్తు చూడకండి. పోయిన ఆటలో ఎన్ని బుట్టలు వేశాడో అడగకండి. వాడి అత్తగారు ఏ బెంచీ మీద కూర్చున్నారో చూడండి!

నవ్వకండి, ఇది సైన్సు. ముప్పయ్యేళ్ళ పరిశోధన. నలుగురిలో నవ్వులపాలు కావడమంత గొప్ప వరం మనిషికి మరొకటి లేదని, అది లేకపోతే ఆటలూ లేవు, పందేలూ లేవని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి కదా! మనీలాలో బస్సెక్కి పది గంటలు కుదుపులు తింటే వచ్చే మలినావ్ మా ఊరు. అక్కడ బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర మైకు పట్టుకునే మాంగ్ తియోని నేనే. మా వైపు పెద్దవాళ్ళలో మగవాళ్ళను మాంగ్ అనీ, ఆడవాళ్ళను అలింగ్ అనీ పిలుస్తారు. మా ఊరి ఆసుపత్రి కప్పు కారుతుంది గానీ, కోర్టుకు మాత్రం బ్రహ్మాండమైన రేకుల కప్పు ఉంది. బుట్ట వెనక బోర్డు మీద మా కాంగ్రెస్ సభ్యుడి, అంటే ఎంపీగారి, ముఖం పెయింటు చేసి ఉంటుంది. గురి తప్పిన ప్రతి బంతీ వెళ్ళి సరిగ్గా ఆయన ముక్కు మీద తగులుతుంది. పదిహేనేళ్ళుగా తగులుతోంది. ఆయన నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. సిగ్గు లేనివాడికి దెబ్బ తగలదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మైకు మనిషి పని స్కోరు చెప్పడం అనుకుంటున్నారేమో! స్కోరు బోర్డు మీద కనిపిస్తూనే ఉంటుంది, దానికి నేనెందుకు? బంతి ఎవడి చేతిలో ఉంటే వాడి ఇంటి సంగతులు చెప్పడం నా పని.

"బంతి ఇప్పుడు ఎనిమిదో నంబరు దగ్గర ఉంది! ఇవాళ పొద్దున ఇవే చేతులతో పెళ్ళాం బట్టలు ఉతికాడు. గట్టిగా పిండు నాయనా!"

"పదకొండో నంబరు వస్తున్నాడు! ఇప్పటికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఇదిగో, నాలుగోది!"

నాలుగోది కూడా తప్పిపోతుంది. జనం బెంచీల మీద పడి దొర్లుతారు. చేపల ఉండలు వేయించే బండివాడు గరిట వదిలేసి చప్పట్లు కొడతాడు. చెప్పండి, ఇంతమందికి ఇంత ఆనందం ఉత్తపుణ్యానికి ఇచ్చే శాఖ ప్రభుత్వంలో ఒక్కటైనా ఉందా?

ఇలా మైకులో మాట్లాడుతూ మాట్లాడుతూనే నేను ప్రకృతి రహస్యం ఒకటి కనిపెట్టాను. ఆరడుగుల రెండంగుళాల మనిషి, కాబోయే మామగారు గ్యాలరీలోకి రాగానే బంతిని తిన్నగా రిఫరీకి అందించాడు. ఇంకొకడు సొంత బుట్టలోనే బంతి వేసి, పైగా చేతులెత్తి జనానికి దండం పెట్టాడు. ఒక ఏడాది ఫాదరుగారు ఆట చూడటానికి వస్తే, ఒక టీము మొత్తం ఎవరినీ తోయకుండా, ఎవరి కాలూ తొక్కకుండా మహా మర్యాదగా ఆడి ముప్పయి పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. చివరికి సూత్రం తేలింది: గ్యాలరీలో ఎవరికి చుట్టాలు ఎక్కువో వాళ్ళు ఓడతారు.

ఈ సూత్రం తెలిసినవాడు మా ఊళ్ళో కోటీశ్వరుడు కావాలి. ఎందుకు కాలేదంటారా? దానికి కారణం పేట పౌరుషం.

మా ఊరికి రెండు పేటలు. కొండవైపు ఉన్నది ఎగువ పేట, మాది. సముద్రంవైపు ఉన్నది దిగువ పేట, వాళ్ళది. మేం వరి పండిస్తాం, వాళ్ళు చేపలు పడతారు. మా అన్నంలో వాళ్ళ చేప కలుపుకుని తింటూ ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటాం. ఏటా మా ఊరిని కాచే పునీతుడు సాన్ ఇసిద్రో పండగకు ముందు ఆదివారం సాయంత్రం రెండు పేటలకూ ఫైనల్. పేటల మధ్య పందెం తాతల నాటి నుంచీ ఒక్కటే: ఓడిన పేట మగవాళ్ళు పండగనాడు గెలిచిన పేటలో గిన్నెలు తోమాలి. పండగనాడు గడప తొక్కిన ప్రతివాడికీ, ముక్కూమొహం తెలియకపోయినా, పళ్ళెం పెట్టే ఊరు మాది. గిన్నెలు ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇది కాక ఎవరి సొంత పందేలు వాళ్ళవి. ఎగువ పేటవాడు ఎగువ పేట మీదే కాస్తాడు. టీములో ఇద్దరికి కాళ్ళు విరిగినా, మూడోవాడు జ్వరంతో పడుకున్నా అక్కడే కాస్తాడు. అది పందెం కాదు, హాజరు వేయించుకోవడం. అవతలి పేట మీద కాశాడని తెలిస్తే మంగలి కూడా సగం గీసి పంపేస్తాడు.

మరి నేను? నేను శాస్త్రవేత్తను కదండీ! శాస్త్రానికి పేట ఉంటుందా?

ఇక్కడ మీకు డేల్‌ని పరిచయం చేయాలి. అసలు పేరు రోడేలియో. ఆటోలాంటి ట్రైసికిల్ నడుపుతాడు. పుట్టింది దిగువ పేటలో. మా ఎగువ పేట అలింగ్ ఎదిత కూతుర్ని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. అప్పటి నుంచి మా టీము తరఫున ఆడుతున్నాడు. పొద్దున్నే సవారీలు మొదలవక ముందు, రబ్బరు చెప్పులతోనే, ఒంటరిగా ఫ్రీ త్రోలు వేస్తుంటాడు. ఒకరోజు చాటు నుంచి లెక్కపెట్టాను. యాభైకి నలభైమూడు!

అదే డేల్, అత్తగారు మొదటి బెంచీలో జపమాల పట్టుకుని కూర్చుంటే, పదికి రెండు. అదే చెయ్యి, అదే బంతి, అదే కాంగ్రెస్ సభ్యుడి ముక్కు. తేడా ఎక్కడుంది?

పైగా ఇల్లరికపు అల్లుడు. గెలిస్తే "మా అల్లుడు" అంటారు, ఓడితే "ఆ దిగువ పేటవాడు" అంటారు. ఆ సంగతి వాడికీ తెలుసు. ఫైనల్‌కు వారం ముందు నా దగ్గరికి వచ్చాడు.

"మాంగ్ తియో, ఒక్క మాట. ఈసారి మైకులో మా అత్తయ్య పేరు ఎత్తకండి. ఇంకేమైనా అనండి, పడతాను."

"ఏరా, సరదాకే కదా!"

"మీకు సరదానే. పోయినేడు ఆట అయ్యాక నెల రోజులు మా ఇంట్లో నాకు గుడ్డు పెట్టలేదు. ఈసారి ఓడితే నేను కావాలనే ఓడించానంటారు. మా పాపకు తండ్రి ఏ పేటవాడని అడుగుతారు. మీకు దండం పెడతాను."

"సరేలేరా" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. ఇక్కడ దాచడం ఎందుకు?

ఆ మర్నాడే చేప కొనే వంకతో బజారుకు వెళ్ళాను. దిగువ పేట అలింగ్ పురా చేపల బల్ల దగ్గరే ఊరి సొంత పందేలన్నీ కుదురుతాయి. ఇటు కాసినవాడికి అటు కాసినవాడిని ఆమే జత చేస్తుంది. అవతల ఎవరున్నారో ఆట అయ్యేదాకా ఇద్దరికీ చెప్పదు. పోలీసులు తలకిందులుగా వేలాడదీసినా చెప్పదని పేరు.

"నా పుంజు హెనరల్‌ని కాస్తాను. మీ పేట మీద" అన్నాను మెల్లగా.

చేప తోముతున్న కత్తి ఆగిపోయింది. "నీ పుంజునా? మా పేట మీదా? ఒంట్లో బాగానే ఉందా మాంగ్ తియో?"

"సైన్సమ్మా, నీకు అర్థం కాదు."

"నాకెందుకు అర్థం కావాలి, పుంజు బాగుంది. నిన్ననే మీ పేట మనిషొకరు పందిని కాశారు. దానికి జత కట్టేస్తాను. మరి మీవాళ్ళకు తెలిస్తేనో?"

"నువ్వు చెబుతావా?"

"ఆట అయ్యేదాకా నా నోరు పెగలదు" అంది. నేను నిశ్చింతగా రెండు కిలోల చేప కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఆట అయ్యాక సంగతేమిటని అడగలేదు. ముప్పయ్యేళ్ళు పరిశోధన చేసినవాణ్ణి, అది మాత్రం తట్టలేదు.

ఫైనల్ రోజు రానే వచ్చింది. కోర్టు కిటకిటలాడింది. అలింగ్ ఎదిత మధ్యాహ్నం రెండింటికే వచ్చి మొదటి బెంచీ పట్టింది. పక్కన కూతురు, ఒళ్ళో ఏడాది నిండబోతున్న మనవరాలు, వెనక చుట్టాలు పద్దెనిమిది మంది. నా సూత్రం పండగ చేసుకుంది.

నిజానికి ఆరోజు డేల్ బాగా ఆడాడు. నేను వాడి జోలికి పోలేదు. ఆ మాట రాసిపెట్టుకోండి, చివరి క్షణం దాకా నేను మాట నిలబెట్టుకున్నాను! అప్పుడు స్కోరు 71-70. ఒక్క పాయింటు దిగువ పేటకు ఎక్కువ. డేల్ బంతితో దూసుకుపోయాడు, దిగువ పేటవాడు చెయ్యి మీద కొట్టాడు, రిఫరీ విజిల్ వేశాడు. గడియారం సున్నా చూపిస్తోంది. రెండు ఫ్రీ త్రోలు. రెండూ వేస్తే మా పేట గెలుస్తుంది. ఒకటి వేసినా అదనపు సమయం దొరుకుతుంది.

డేల్ బంతిని మూడుసార్లు నేలకు కొట్టాడు. తల తిప్పి నావైపు చూశాడు. వేడుకుంటున్నట్టు చూశాడనుకుంటాను. నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"అలింగ్ ఎదితా, జపమాల గట్టిగా పట్టుకోండి! మూడేళ్ళుగా మీ ఇంట్లో తిన్న అన్నానికి మీ అల్లుడు బాకీ తీర్చే టైమొచ్చింది!"

కోర్టు గొల్లుమంది. బంతి కమ్మీకి తగిలి బయట పడింది.

"ఇదీ పోయిందంటే అబ్బాయ్, నీ భోజనం ఇక దిగువ పేటలోనే!"

రెండోది కమ్మీకి కూడా తగల్లేదు. తిన్నగా పోయి కాంగ్రెస్ సభ్యుడి ముక్కు మీద పడింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ప్రయోగం విజయవంతమైంది! నా సూత్రం ముప్పయ్యేళ్ళ తర్వాత లోకానికి రుజువైంది. మరి నాకు ఆ రాత్రి అన్నం ఎందుకు సయించలేదో శాస్త్రం చెప్పలేదు.

సోమవారం పొద్దునకల్లా పేటలో మాట పుట్టింది. ఎవడో అమ్ముడుపోయాడట! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆ మాట విన్నప్పుడల్లా పుంజు గూటివైపు చూసేవాణ్ణి. కానీ నన్నెవరు అనుమానిస్తారు? వేళ్ళన్నీ ఒక్కడివైపే చూపించాయి. దిగువ పేటలో పుట్టినవాడు, దిగువ పేట కోసం వదిలేశాడు. ఇంకేం రుజువు కావాలి? డేల్ ట్రైసికిల్ ఎవరూ ఎక్కలేదు. ముసలివాళ్ళు కూడా మోకాళ్ళు పట్టుకుని నడిచి వెళ్ళారు. పౌరుషం ఆరోగ్యానికి మంచిదని ఇక్కడ గమనించాలి.

నేను మధ్యలో కల్పించుకుని "పాపం, గాలి వల్ల తప్పిందేమో" అన్నాను.

"రేకుల కప్పు కింద గాలెక్కడిది మాంగ్ తియో? మీది మెత్తని మనసు. ఎదిత పందిని కాసిందట వాడి మీద నమ్మకంతో! మనవరాలి మొదటి పుట్టినరోజుకు కాల్చాలని పెంచిన పంది!" అన్నాడొకడు.

ఏ పంది? ఎవరి పంది? అప్పుడు తెలిసింది నా పుంజుకు పురా కట్టిన జత ఎవరిదో. నాకు నోట మాట రాలేదు. మైకు మనిషికి నోట మాట రాకపోవడం మా ఊరి చరిత్రలో అదే మొదలు.

గురువారం పండగ. మా పేట మగవాళ్ళు తెల్లవారుతూనే దిగువ పేటకు గిన్నెలు తోమడానికి వెళ్ళారు. గొంతు బొంగురుపోయిందని నేను మానేశాను. డేల్ వెళ్ళాడు. వాడి వాటాకు వచ్చిన ఇల్లు ఏదో తెలుసా? కన్నతల్లి ఇల్లు! పుట్టిన ఇంటి పెరట్లో, ఓడిపోయిన పేటవాడిగా కూర్చుని, తల్లి వండిన గిన్నెలు తోమాడు. తల్లి పళ్ళెంలో అన్నం పెట్టి పక్కన పెడితే, తోమడం అయ్యేదాకా ముట్టుకోలేదట.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. దిగువ పేటవాళ్ళకు ఒక తెగులు ఉంది. గెలిచినవాడి సొమ్ము చాటుగా చేతిలో పెట్టడం వాళ్ళకు నామోషీ. దిగువ పేట పందెం ఎగ్గొట్టిందని ఎవరైనా అంటే? అందుకని పండగనాడు చర్చిలో పూజ వదిలే వేళకు, బ్యాండుమేళంతో, గెలిచినవాడి గుమ్మం దాకా ఊరేగించి మరీ ఇస్తారు. నాకు తెలియదా? ముప్పయ్యేళ్ళుగా ఆ ఊరేగింపులకు మైకులో చమత్కారాలు విసిరింది నేనే కదా! కానీ ఆ బ్యాండు ఎప్పుడూ దిగువ పేట గుమ్మాలకే వెళ్ళింది. దిగువ పేట మీద కాసిన ఎగువ పేటవాడు ఇంతవరకూ లేడు మరి. ఆ బ్యాండుకు కొండ ఎక్కడం వచ్చని నేనెలా అనుకుంటాను?

చర్చి నుంచి జనం బయటికి వస్తున్నారు. నేను, మా ఆవిడ లిగాయా మెట్ల మీద ఉన్నాం. డప్పులు వినిపించాయి. ముందు బ్యాండు, వెనక పురా, ఆమె చేతిలో తాడు, తాడు చివర మెడలో ఎర్ర రిబ్బనుతో ఎదితగారి పంది. వాటి వెనకాల, గిన్నెలు తోమడం ముగించుకుని తిరిగి వస్తున్న మా పేట మగవాళ్ళు. అందరి కంటే చివర డేల్.

పురా సరిగ్గా నా ముందు ఆగింది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

"మాంగ్ తియో! మొత్తం ఎగువ పేటలో మా పిల్లల మీద నమ్మకం పెట్టుకున్న మగాడివి నువ్వొక్కడివే! ఇదిగో నీ పంది. దిగువ పేట ఎవరికీ బాకీ ఉండదు!"

బ్యాండు వాళ్ళు ఇంకో పాట అందుకున్నారు. మంచి హుషారైన పాట.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. ఆ ఉలిపికట్టె ఊరందరి మధ్యా పంది తాడు పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఆ సామెత కట్టినవాడు చూసి ఉండడు. నేను నోరు తెరిచాను. "ఇది ప్రయోగం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనేదైనా అంటే ఆ ఊళ్ళో ఎవరూ నవ్వకపోవడం కూడా అదే మొదలు.

లిగాయా నా చెవి దగ్గరికి వచ్చింది. "ఆ రెండు ఫ్రీ త్రోలకు ముందు నువ్వన్న మాటలు నేను సరదాకనుకున్నాను" అంది. "దాన్ని ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడ కట్టేసి రా. అప్పటిదాకా ఇంట్లో కాలు పెట్టకు."

పందిని నడిపించుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా ప్రతి ఇంటి ముందూ పళ్ళేలు, ప్రతి పళ్ళెం ముందూ మనుషులు. "రండి, తినండి" అన్న మాట ఒక్క నోట రాలేదు. అలింగ్ ఎదిత గుమ్మంలోనే నిలబడి తాడు అందుకుంది. పండగనాడు దారినపోయే కుక్కకు కూడా ఎముక వేసే ఇల్లది. నన్ను కూర్చోమని అనలేదు.

ఆమె లోపలికి తిరిగి "డేల్, నువ్వు తిన్నావా బాబూ?" అంది. ఆ "బాబూ" అనడానికి ఆమెకు మూడేళ్ళు, ఒక పందీ పట్టాయి.

డేల్ బయటికి వచ్చాడు. సబ్బు నీళ్ళలో నాని చేతులు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కొడతాడేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

"తప్పయిందిరా. నీకేం కావాలో అడుగు, పుంజునైనా ఇస్తాను."

"పుంజు నాకెందుకు మాంగ్ తియో?" అన్నాడు. "మైకు ఇవ్వండి."

ఇచ్చేశాను. ఇవ్వక చేసేదేముంది?

పాఠకమహాశయులారా, ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఈ దేశంలో బాస్కెట్‌బాల్ నాశనమైపోయింది! ఈ ఏడు ఫైనల్‌కు మైకు డేల్ చేతిలో ఉంది. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళ పేరు చెబుతాడు, స్కోరు చెబుతాడు. అంతే! పెళ్ళాలు లేరు, అత్తలు లేరు, తప్పిన సంబంధాలు లేవు. ఎవరైనా ఫ్రీ త్రోకు నిలబడితే స్విచ్చి ఆపేసి మైకును చంకలో పెట్టుకుంటాడు. దిగువ పేట కుర్రాడొకడు, కన్నవాళ్ళూ కాబోయే అత్తమామలూ అందరూ చూస్తుండగా, ఆ నిశ్శబ్దంలో రెండుకు రెండూ వేశాడు. నా నోటుబుక్కు పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇప్పుడు ఎవరు గెలుస్తారో తెలియాలంటే ఎవరు బాగా ఆడతారో చూడాలట! ఇలాగైతే పెద్దమనిషన్నవాడు పందెం కాసేదెలా?

అదైనా సహించేవాణ్ణి. ఆరోజు నేను మొదటి బెంచీ మీద, అందరికీ కనిపించేలా కూర్చున్నాను. ఏడాదిగా సిద్ధపడి వచ్చాను. విరామంలో డేల్ మైకు ఎత్తి, బెంచీలన్నీ చూస్తూ నా దగ్గర ఆగాడు. కోర్టంతా నావైపు తిరిగింది. పంది అంటాడా, పుంజు అంటాడా, సైన్సు అంటాడా? ఏదో ఒకటి అనేస్తే, అందరూ నవ్వేస్తే, నేనూ నవ్వేసి హాయిగా ఇంటికి పోదామనుకున్నాను.

"స్కోరు ముప్పయ్యారు, ముప్పయ్యారు" అన్నాడు. మైకు కింద పెట్టి మంచినీళ్ళు తాగాడు.

ముప్పయ్యేళ్ళు మైకు పట్టుకున్నాను గానీ, ఇంత అవమానం నేనెప్పుడూ ఎవరికీ చేసి ఎరగను.